సున్నిపిండా, పంచదారా? ఒంటికి ఏది మేలు, మొహానికి ఏది మేలు

పోయిన నెలలో మా చెల్లెలి కూతురు ఒంగోలు నుంచి వచ్చి నాలుగు రోజులుంది. పెళ్ళి కుదిరిన పిల్ల. బ్యాగులో బట్టలకంటే సీసాలే ఎక్కువ. ఒక సీసాలో పంచదార, కొబ్బరినూనె కలిపింది. ఒకదాంట్లో కాఫీ పిప్పి. ఇంకోదాంట్లో నిమ్మరసం, వంటసోడా. "బజారు స్క్రబ్బులు మానేశాను పెద్దమ్మా, ఇవన్నీ మన వంటింట్లోవే" అంది గొప్పగా. నేను అటక మీది సున్నిపిండి డబ్బా దించాను. "ఆ పిండా? రుద్దినట్టే ఉండదు, పైగా బాత్రూమంతా పేడ అలికినట్టవుద్ది" అని మూతి తిప్పింది. వాదన ఎందుకు, చేతులు రెండున్నాయి గదా అన్నాను.

ఎడమ చేతికి నా సున్నిపిండి, కుడి చేతికి తన పంచదార.

సున్నిపిండి రెండు చెంచాలు తీసుకుని నీళ్ళతో గట్టిగా కలిపి మణికట్టు నుంచి మోచేతిదాకా పట్టించాం. సగం ఆరాక కింది నుంచి పైకి రుద్దితే మట్టి రంగు వత్తులు వత్తులుగా రాలింది. పంచదార చేతికి మొదట గరగరమంది, నిమిషం గడిచేసరికి పలుకులు కరిగి మెత్తబడ్డాయి, ఆపైన నూనె ఒక్కటే మిగిలింది. రెండు చేతులూ కడిగి తుడుచుకుని నా మొహం ముందు పెట్టి "ఇప్పుడు చెప్పు" అంది. అబద్ధం ఎందుకు, కుడి చెయ్యే మెత్తగా ఉంది. ఎడమ చెయ్యి శుభ్రంగా ఉంది గానీ చర్మం బిగుసుకున్నట్టుంది.

ఓడిపోయానని ఒప్పుకునేదాన్నే. కానీ మా అమ్మమ్మ నలుగు పెట్టే తీరు గుర్తొచ్చింది. ఆమె ఏనాడూ ఉత్త ఒంటికి పిండి పెట్టలేదు. ముందు నువ్వుల నూనె మర్దనా, పావుగంట ఎండలో పీట మీద కూర్చోబెట్టడం, ఆ తర్వాతే నలుగు. మర్నాడు ఎడమ చేతికి అట్టాగే నూనె రాసి, ఆగి, అప్పుడు సున్నిపిండి పెట్టాం. ఈసారి రెండు చేతులూ ఒకటే మెత్తన. తేడా ఒక్కటే: పంచదార చెయ్యి ఆనించిన దిండు గలేబు మీద నూనె మరక పడింది, సున్నిపిండి చెయ్యి పొడిగా ఉంది. సున్నిపిండికి మూలమైన పెసల్లో, కుంకుడుకాయకు నురగ తెప్పించే సపోనిన్ల జాతి పదార్థం కొంచెం ఉంటుంది, దానికి తోడు పిండి తనంతట తాను జిడ్డు పీలుస్తుంది. ఒంటికి కావలసిన నూనె ఉంచి, మిగిలింది లాక్కుపోతుంది.

అంటే పంచదార స్క్రబ్బు గొప్పతనంలో ముప్పాతిక వంతు నూనెది. పంచదార చేసింది గీకడం ఒక్కటే.

ఇక్కడ మా నీళ్ళ సంగతి చెప్పాలి. మాది కందుకూరు. 1970లో ఒంగోలు జిల్లా కొత్తగా పెట్టినప్పుడు నెల్లూరు నుంచి అటు పోయాం, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరిగి నెల్లూరులో కలిశాం. జిల్లా ఎటు మారినా మా బోరు మారలేదు, అవే ఉప్పు నీళ్ళు. సబ్బు రుద్దితే నురగ రాదు. నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి జిగురై ఒంటినీ బకెట్‌నూ పట్టుకుంటాయి. స్నానం చేసి వచ్చి గోటితో గీరితే చేతి మీద తెల్ల గీత పడేది ఎక్కువగా ఆ జిగురూ పొడిబారిన చర్మమూ కలిసి. సున్నిపిండికి ఈ గొడవ లేదు. పిండి ఏ నీళ్ళలోనైనా పిండే. ఉప్పు నీళ్ళ ఊళ్ళలో ఉండేవాళ్ళకు నేను దానివైపు మొగ్గడానికి పెద్ద కారణం ఇదే. మంచి నీళ్ళుండే చోట ఈ లాభం అంతగా కనపడదు.

పంచదారను తీసి పారెయ్యను. దానికి ఒక సుగుణం ఉంది: తడి తగిలితే కరుగుతుంది. ఎంత మొరటుగా రుద్దేవాళ్ళయినా ఎక్కువసేపు రుద్దలేరు, ఆయుధమే మాయమైపోతుంది. మోచేతులకు, మోకాళ్ళకు, మడమల పైభాగానికి బాగుంటుంది. రెండు చెంచాల పంచదారకు ఒక చెంచా నూనె చాలు. చలికాలంలో నూనె స్నానానికి తీరిక లేని రోజు ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇబ్బందులు రెండు. నూనె పడి బాత్రూం బండ జారుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వెంటనే వేణ్ణీళ్ళూ సబ్బుపొడీ వేసి కడగాల్సిందే. రెండోది చీమలు. మా పిల్ల సీసా మూత సరిగ్గా పెట్టక వదిలేస్తే తెల్లారేసరికి గోడ పొడుగునా ఎర్రచీమల బారు.

ఉప్పు ఒంటికి వద్దు, పాదాలకు మాత్రమే. చినగంజాం, ఇసకపల్లి ఉప్పు కొఠార్లు దగ్గర్లో ఉండగా మాకు రాళ్ళ ఉప్పుకు లోటు లేదు. గోరువెచ్చని నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి పది నిమిషాలు కాళ్ళు పెట్టుకుని, నానిన మడమలను ఉప్పూ నూనే కలిపి రుద్దితే మొద్దుబారిన చర్మం లేస్తుంది. పగుళ్ళలో నెత్తురు కనిపిస్తుంటే ముట్టబాకండి, మంటకు ప్రాణం పోతుంది. షుగరున్నవాళ్ళు అసలే వద్దు. పాదంలో స్పర్శ తగ్గి ఉంటే వేడీ తెలియదు, గీరుకుపోయిందీ తెలియదు.

కాఫీ పిప్పి వాసన బాగుంటుంది. అంతకుమించి దాని గురించి చెప్పేంత ఏమీ లేదు. నీళ్ళలో కరగదు, మోరీ జాలీలో పేరుకుంటుంది, తడి పిప్పిని రెండు రోజులు నిలవ ఉంచితే బూజు పడుతుంది. ఫిల్టర్‌లో మిగిలింది పారెయ్యబుద్ధి కాకపోతే అప్పటికప్పుడు వీపుకు రుద్దుకుని కడుక్కోవచ్చు. తెల్ల తువ్వాలు మాత్రం దగ్గర పెట్టుకోబాకండి.

మోరీ మాటకొస్తే సున్నిపిండికీ మినహాయింపు లేదు, ఆ విషయంలో మా పిల్ల మాట నిజం. వెనకటి రోజుల్లో దొడ్లో బండ మీద పోసుకునేవాళ్ళం, ఆ నీళ్ళు అరటి చెట్లకు పోయేవి. ఇప్పుడు అపార్టుమెంటు గొట్టాల్లో పిండి గంజిలా గడ్డకడుతుంది. రాలిన వత్తులను ముందు పాత గుడ్డతో ఊడ్చి తీసేసి, తర్వాత నీళ్ళు పోసుకోవడం ఒక్కటే మార్గం.

ఇక మిగిలింది నిమ్మరసం, వంటసోడా సీసా. దాన్ని నేనే సింకులో ఒంపేశాను. పొదలకూరు, గూడూరు నిమ్మకాయలు మన పక్కనే పండుతాయి, చవగ్గా దొరికిన రోజుల్లో గిన్నెలు తోముకోవడానికి కూడా వాడతాం. గిన్నెకు పనికొచ్చింది చర్మానికి రాదు. మన చర్మం పైపొర కొద్దిగా పులుపు గుణంతో, పీహెచ్ అనే కొలతలో (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 చుట్టుపక్కల ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర, వంటసోడా 8 దాటి ఉంటాయి. ఒకటి ఇటు లాగితే ఒకటి అటు లాగుతుంది, రెండూ కలిపితే బుస్సున పొంగి ఎటూ కాకుండా పోతుంది. దానికంటే భయం ఎండది. నిమ్మజాతి రసం, ముఖ్యంగా తొక్కలోని నూనె, చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది, ఆ మచ్చ నల్లగా నెలల తరబడి ఉంటుంది. రోహిణి కార్తె ఎండల్లో పెళ్ళి బట్టల కోసం కొట్లు తిరిగే పిల్ల మొహానికి నిమ్మకాయ రుద్దుకుని బయలుదేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నలుగు సామాను కొట్లో కట్టిచ్చే పొట్లాల్లో కూడా ఇట్టాంటిదే ఒకటి ఉంటుంది: బావంచాలు. వాటిలోని సోరలిన్ అనే పదార్థం చర్మానికి ఎండ సోకే గుణాన్ని పెంచుతుంది. బొల్లికి వైద్యంలో దాన్ని వాడింది అందుకే. అది వైద్యుల చేతిలో ఉండాల్సిన దినుసు, మన డబ్బాలో కాదు. నేను కట్టించుకునేటప్పుడు "బావంచాలు తీసెయ్యి" అని ముందే చెబుతాను.

మొహం సంగతి వేరు. ఒంటికి మంచిదని మొహానికి అదే పిండి పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బుగ్గల మీది చర్మం పల్చన, మోచేతిది మందం, రెంటికీ ఒకే గరుకు ఎట్టా కుదురుతుంది? మొహానికి పంచదార పలుకులు, కాఫీ పిప్పి, పొట్టుతో పట్టించిన పెసరపిండి, ఏవీ వద్దు. పొట్టు తీసిన పెసరపప్పు పిండో, శనగపిండో తీసుకుని, పల్చటి నూలు బట్టలో జల్లించి, కిందికి దిగిన మెత్తటి పొడిని పెరుగుతో కలిపి రాసుకుని, వేళ్ళ కొసలతో నాలుగుసార్లు తిప్పి కడిగెయ్యడమే. ఎండి బిరుసెక్కేదాకా ఉంచి గోకి తియ్యబాకండి. పెరుగులోని లాక్టిక్ ఆమ్లం మెల్లగా చేసే పనిని మనం గోళ్ళతో చెయ్యక్కర్లేదు.

పొడి మెత్తదనం తెలుసుకోవడానికి చిన్న కిటుకు ఉంది. చిటికెడు తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చెవి దగ్గర నలపండి. బరబర చప్పుడు వినిపిస్తే అది కాళ్ళకూ చేతులకూ. ఏ చప్పుడూ లేకపోతే మొహానికి. మిక్సీలో పట్టింది ఎప్పుడూ చప్పుడు చేస్తుంది, ఎందుకంటే మిక్సీలో సగం మెత్తగా, సగం రవ్వగా దిగుతుంది. జల్లించకుండా వాడకూడదనేది అందుకే.

మొటిమలు పండి ఉన్నప్పుడు, చెమటకాయలు లేచినప్పుడు, ఎండకు కమిలినప్పుడు, తామర ఉన్నప్పుడు పై వాటిలో ఏదీ వద్దు. తామర మీద రుద్దితే పక్క చోటుకు కూడా పాకుతుంది. పసిపిల్లల ఒంటికి నలుగు పెట్టి నూగు పోగొట్టాలని చూసే అమ్మమ్మలు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. ఆ నూగు దానంతట అదే రాలిపోతుంది, బిడ్డ చర్మాన్ని వదిలెయ్యండి తల్లీ. పెద్దవాళ్ళకైనా వారానికి ఒకసారి చాలు. చర్మం పైపొర మారడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది, రోజూ గీకితే కొత్తది తయారుకాకముందే ఉన్నది పోతుంది.

నా డబ్బా లెక్క ఇది: పొట్టు పెసలు అరకిలో, బియ్యం 100 గ్రాములు, కస్తూరి పసుపు 50 గ్రాములు, ఎండిన గులాబీ రేకులు రెండు గుప్పెళ్ళు. బియ్యం మొలగొలుకులే కావాలని లేదు, ఇంట్లో ఏవుంటే అవి. మామూలు వంట పసుపు వేస్తే ఒళ్ళూ తువ్వాలూ పచ్చబడతాయి, కస్తూరి పసుపుకు ఆ మరక తక్కువ. అన్నీ రెండు రోజులు ఎర్రటి ఎండలో పోసి గలగలలాడాక మరకు పంపాలి. కార్తీకమాసం వానల్లో ఈ పని పెట్టుకోబాకండి, మనకు అసలు వానలు అప్పుడే, చెమ్మకు పిండి ఉండలు కట్టి పురుగు పడుతుంది. డబ్బాలో తడి చెయ్యి పెట్టిన రోజే దాని ఆయుష్షు తీరినట్టు.

మర దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక ఏడు భోగికి ముందు రోజు హడావిడిగా పట్టించుకొచ్చాను. తెల్లారి పిల్లలందరినీ వరసగా పీటల మీద కూర్చోబెట్టి నలుగు మొదలుపెడితే, మొదటివాడు రెండు నిమిషాలకు "మంట, మంట" అని లేచి పరుగెత్తాడు. రెండోది ఏడుపు. నా అరచేతులూ భగభగ. మా పిండికి ముందు ఆ మరలో ఎండుమిరపకాయలు పట్టారు. నీళ్ళు పోసేకొద్దీ మంట పాకిందే గానీ తగ్గలేదు. చివరికి మా అత్తయ్య కొబ్బరినూనె తెచ్చి ఒళ్ళంతా రాసి గుడ్డతో తుడిచింది, అప్పుడు గానీ పిల్లలు ఊరుకోలేదు. కారంలో మంట పుట్టించే పదార్థం నీళ్ళలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది.

మా చెల్లెలి కూతురు ఒంగోలు వెళ్ళేటప్పుడు సగం డబ్బా పట్టుకుపోయింది. పంచదార సీసా మోకాళ్ళకని ఉంచుకుంది, నేనూ సరే అన్నాను. నిన్న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వెనక మర మోత.

"పెద్దమ్మా, పెసలు తెచ్చాను. ముందు ఇక్కడ మిరపకాయలు పట్టారంట. రెండు గుప్పెళ్ళు బియ్యం పోసి తిప్పి శుభ్రం చేస్తానంటున్నాడు. పట్టించమంటావా?"

"వద్దు. పసుపు పట్టే మర యాడుందో కనుక్కుని ఆడికి పో."