పెంచలకోన జలపాతానికి క్వాడ్ బైక్ ట్రిప్ అంటున్నారా? అడ్వాన్స్ కట్టకముందే ఇది చదవండి

కార్తీక మాసం ఆదివారాలకి "పెంచలకోన జలపాతం, క్వాడ్ బైక్ సాహస యాత్ర, వనభోజనం" అని నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరుగుతోంది. పెద్దలకి 2,800, పిల్లలకి 1,800 రూపాయలు. మేము కుటుంబంతో వెళ్లొచ్చాం. అసలు విషయం ముందే చెప్పేస్తాను: నాలుగు లావు టైర్ల ఆ క్వాడ్ బైక్ జలపాతం దాకా పోదు, పోనివ్వరు కూడా. మిగతా మోసమంతా ఈ అబద్ధం చుట్టూ అల్లిందే.

నిర్వాహకుడి పేరు ఇక్కడ రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది. పైగా అదే పోస్టర్ రెండు మూడు పేర్లతో కనిపిస్తోంది. పేరు చూసి తప్పించుకోవడం కుదరదు, వాళ్ల పద్ధతిని చూసి గుర్తుపట్టాలి.

పెంచలకోన చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. రాపూరు మండలంలో, వెలిగొండల అడుగున ఉంటుంది. నరసింహస్వామి గుడి దాకా చక్కటి తారు రోడ్డు ఉంది, ఆర్టీసీ బస్సు వెళ్తుంది. గుడి దాటి పైకి, జలపాతం వైపు పోవాలంటే వాగు పక్కన బండరాళ్ల మీద నడవాల్సిందే. చుట్టూ ఉన్న అడవి శ్రీ పెనుసిల నరసింహ వన్యప్రాణి అభయారణ్యం. 1997లో ప్రకటించారు, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, ఇటు నెల్లూరు, అటు కడప వైపు పరుచుకుని ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 27వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లకూడదు. గుడికి పోయే రోడ్డు సంగతి వేరు, అడవిలోకి ఇంజన్ బండి తోలుకుపోవడం వేరు. అందులోనూ ఇది ఎర్రచందనం ఉన్న అడవి. ముక్కూ మొహం తెలియని బండ్లు చెట్లలోకి పోతుంటే అటవీ శాఖ వాళ్లు ఏమనుకుంటారో మన జిల్లా వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పట్టుకుంటే హ్యాండిల్ మన చేతిలో ఉంటుంది, వాళ్ల చేతిలో కాదు.

పోస్టర్ మీద "270 అడుగుల జలపాతం" అని ఉంది. 270 అడుగులు అనేది తలకోనకి చెప్పే లెక్క. ఫొటోలో నీళ్ల ముందు వరసగా నిలబెట్టిన బండ్లు ఏ దేశంలోవో నాకు తెలియదు గానీ, మన వెలిగొండల్లోవి మాత్రం కాదు. భోజనంలో నెల్లూరు చేపల పులుసు కూడా రాశారు. కార్తీక వనభోజనానికి చేపల పులుసు పెట్టాలనుకున్న మనిషి తెలివిని మెచ్చుకోవాలి.

మేము ఆరుగురం. నేను, మా ఆవిడ, పదో తరగతి చదివే మా అమ్మాయి, కావలిలో ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు నడిపే మా బావమరిది, మా చెల్లెమ్మ (ఆయన భార్య), వాళ్ల పదకొండేళ్ల పిల్లాడు. మొత్తం 14,800. సగం ముందే కట్టించుకున్నారు, మిగతా సగం అక్కడికి వెళ్లగానే, బండి ఎక్కకముందే తీసుకున్నారు. రెండుసార్లూ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చింది సంస్థ పేరు కాదు, ఎవరిదో వ్యక్తిగత ఖాతా. బిల్లు అడిగితే "వాట్సాప్‌లో పెడతాం సార్" అన్నారు. ఇంతవరకూ రాలేదు.

పొదలకూరు, రాపూరు దాటాక గోనుపల్లి వైపు ఒక నిమ్మతోట పక్కన రేకుల షెడ్డు. అదే వాళ్ల ఆఫీసు. అక్కడ డ్రైవింగ్ లైసెన్సులు తీసుకుని ఒక డబ్బాలో వేసుకున్నారు. ఫొటో తీసుకుని ఇచ్చెయ్యమంటే "రూల్ సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. తర్వాత ఇంగ్లీషులో రెండు పేజీల కాగితం. దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా వాళ్లకి సంబంధం లేదట, బండికి ఏమైనా అయితే మాత్రం పూర్తి ఖర్చు మనదేనట. ఇన్సూరెన్స్ ఉందని పోస్టర్‌లో వేశారు కదా, పాలసీ చూపించమని మా ఆవిడ అడిగింది. ఓనర్ దగ్గర ఉంటుందన్నారు. ఓనర్ నెల్లూరులో ఉన్నాడట.

ఇక్కడ బండ్ల గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే చాలామంది దీన్ని నాలుగు చక్రాల స్కూటీ అనుకుంటున్నారు. నాలుగు చక్రాలున్నాయి, పడదులే అనుకుంటాం. పడుతుంది. బండి ఎత్తు, బరువు పైకి ఉంటుంది. చాలా క్వాడ్ బైకుల్లో వెనక ఇరుసు ఒకటే కడ్డీ. కారులో మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరుగుతాయి. ఇందులో రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు రోడ్డు మీద జారదు, అందుకే హ్యాండిల్ తిప్పినా బండి ముందుకే తోసుకుపోతుంది, లేదంటే ఒక పక్కకి లేస్తుంది. గాలి తక్కువ పెట్టి నడిపే మెత్తటి టైర్లు కూడా మట్టికి చేసినవే. మలుపులో మనమే ఒళ్లు లోపలికి వంచాలి, ఎక్కుడులో ముందుకి వంగాలి. లేకపోతే వెనక్కి తిరగబడి మన మీదే పడుతుంది. వేగం పెంచేది కూడా మన బైకులాగా పిడి తిప్పి కాదు, బొటనవేలితో మీట నొక్కి. గుంటలో ఎగిరినప్పుడు పడకుండా గట్టిగా పట్టుకుంటాం చూడండి, సరిగ్గా అప్పుడే ఆ వేలు మీటని నొక్కేస్తుంది.

ఇవేవీ వాళ్లు చెప్పలేదు. "ఇది నొక్కితే పోతాది, ఇది పట్టుకుంటే నిలబడతాది. అంతే అన్నా, పిలకాయలే తోలేస్తున్నారు" అన్నాడు గైడ్. ఇరవై ఏళ్లుంటాయేమో. శిక్షణ అయిపోయింది.

మా బావమరిది మాత్రం వృత్తి మానుకోలేక బండ్ల చుట్టూ తిరిగాడు. "బావా, దీనికి ముందు బ్రేకు లివరే ఉంది, కేబుల్ లేదు" అన్నాడు ఒకదాని దగ్గర. రెండోదానికి వెనక టైర్లు నున్నగా అరిగిపోయాయి. మనిషి పడిపోతే ఇంజన్ ఆగిపోయేలా చేతికో నడుముకో తగిలించుకునే తాడు ఉంటుంది, దాని కొక్కెం ఉంది గానీ తాడు ఏ బండికీ లేదు. మడ్‌గార్డు మీద హెచ్చరిక స్టిక్కర్లు గీకేశారు. ఒక బండికి మాత్రం సగం మిగిలింది: 16 ఏళ్లలోపు వాళ్లు నడపకూడదు, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. మా ఆరుగురికీ వాళ్లు ఇచ్చింది మూడు బండ్లు! హెల్మెట్లలో ఐఎస్ఐ గుర్తు ఉన్నది ఒక్కటే. మిగతావి ప్లాస్టిక్ టోపీలు, గడ్డం కింద పట్టీ కూడా బిగియదు. బ్రేకు లేని బండి మార్చమని గట్టిగా పట్టుబడితే మార్చారు. పిల్లలకి మంచి హెల్మెట్ అడిగితే, ఉన్న ఆ ఒక్కటీ చిన్నవాడికి ఇచ్చారు. డబ్బు మొత్తం అప్పటికే వాళ్ల దగ్గర ఉంది. మొత్తం సొమ్ము ముందే ఎందుకు తీసుకుంటారో అప్పుడు అర్థమైంది.

రైడ్ అంటే నిమ్మతోటల మధ్య బండిబాట, తర్వాత ఎండిన వంకలో ఇసుక, తర్వాత తారు రోడ్డు మీద కొంత దూరం. నిమ్మముళ్లు మోకాళ్ల దాకా గీరాయి, నిండు ప్యాంటు వేసుకుని రమ్మని ఎవరూ చెప్పలేదు. తారు రోడ్డు మీద బస్సులు, ఇసుక ట్రాక్టర్ల మధ్య నంబర్ ప్లేటు లేని బండి. రిజిస్ట్రేషన్ లేకుండా బహిరంగ రోడ్డు ఎక్కడమే మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. రిజిస్ట్రేషన్ లేని బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ దారిలో ఎవరినైనా గుద్దితే కేసు తోలినవాడి మీదే. మన దగ్గర దొరికే క్వాడ్ బైకుల్లో చాలామటుకు రోడ్డు మీద తిరగడానికి పనికిరానివే. కాబట్టి మీకు రోడ్డు మీద తిప్పుతామని ఎవరు చెప్పినా ముందు ఆర్సీ అడగండి.

మూడు గంటల రైడ్ అన్నది గంట కూడా రాలేదు. గుడికి కొంచెం ఇవతల ఒక చెట్టు కింద బండ్లు ఆపేసి, "ఇక్కడి నుంచి నడిచి పోవాల సార్, ఫారెస్టోళ్లు రానియ్యరు" అన్నాడు గైడ్. అది పోస్టర్ వేసేటప్పుడు తెలియదా అంటే నవ్వాడు. పైకి మాతో రాలేదు, టీ కొట్టు దగ్గరే కూర్చున్నాడు. నెల్లూరు నుంచి బస్సులో టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు మాకన్నా ముందే పైకెళ్లి స్నానాలు చేసి దిగి వస్తున్నారు. జలపాతం గురించి మాత్రం ఒక్క చెడ్డ మాట అనను. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కోన చూడాల్సిందే, ఎండాకాలం వెళితే ఇంత నీళ్లుండవు. కానీ ఆ నెలల్లోనే ప్రమాదం కూడా ఉంటుంది. పైన కొండ మీద వాన కురిస్తే కింద ఎండ కాస్తున్నా వాగు ఒక్కసారిగా పెరుగుతుంది. దారి తెలిసిన మనిషి పక్కన ఉండాల్సింది అక్కడే. మేము గైడ్‌కి డబ్బిచ్చింది దానికే.

భోజనం పార్శిల్ పులిహోర. వదిలేయండి.

తిరుగుప్రయాణంలో, వంక దాటి గట్టు ఎక్కేచోట మా చెల్లెమ్మ నడుపుతున్న బండి పక్కకి ఒరిగిపోయింది. వెనక మా ఆవిడ కూర్చుని ఉంది. ఇద్దరూ ఇసుకలో పడ్డారు కాబట్టి సరిపోయింది, చెల్లెమ్మకి మణికట్టు బెణికింది. రాపూరులో ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరగలేదన్నారు. గైడ్ ముందు పరిగెత్తింది మనుషుల దగ్గరికి కాదు, బండి దగ్గరికి. ప్రథమ చికిత్స పెట్టె లేదు. మా అమ్మాయి చున్నీతో కట్టు కట్టాం.

షెడ్డుకి రాగానే అసలు వ్యాపారం మొదలైంది. ఓనర్ ఫోన్లో లైన్లోకి వచ్చాడు. "మీరు ఎక్కేటప్పుడు బండి బాగానే ఉన్నింది సార్. ఫెండర్ పోయింది, స్టీరింగ్ రాడ్డు వంగింది. పద్దెనిమిది వేలు అవుద్ది. కట్టి లైసెన్సులు తీసుకెళ్లండి." చెల్లెమ్మ చెయ్యి ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు.

మా అమ్మాయి పొద్దున్న బయల్దేరేటప్పుడు సరదాకి వీడియో తీసింది. అందులో ఆ ఫెండర్, అంటే చక్రం మీది మడ్‌గార్డు, అప్పటికే పగిలి, ఇనుప తీగతో కట్టి స్పష్టంగా కనిపిస్తోంది. వీడియో చూపించాక పద్దెనిమిది వేలు నాలుగు వేలయింది. రాడ్డు పాత వంకరే, దాని మీద తుప్పు చూడమని మా బావమరిది చూపించాడు. అయినా నాలుగు వేల కిందికి దిగలేదు. చీకటి పడుతోంది, చెల్లెమ్మకి నొప్పి, లైసెన్సులు వాళ్ల డబ్బాలో. నాలుగు వేలు కట్టి బయటపడ్డాం. తర్వాత రాపూరులో ఒక మందుల షాపు దగ్గర మాట్లాడుతుంటే, ఇంకో కుటుంబం కూడా అదే ఫెండర్‌కి డబ్బు కట్టామని చెప్పింది. ఆ పగిలిన ప్లాస్టిక్ ముక్క ఇప్పటిదాకా ఎన్ని ఇళ్ల నుంచి అద్దె వసూలు చేసిందో!

ఇలాంటి ట్రిప్ ఎక్కడైనా సరే, భైరవకోన అన్నా ఇంకో కోన అన్నా, డబ్బు పంపేముందు ఫోన్లో ఒక ప్రశ్న వెయ్యండి: బండి ఎక్కడిదాకా పోతుంది, ఆ చోటికి అటవీ శాఖ అనుమతి కాగితం ఉందా? ఉన్నవాళ్లు వెంటనే పంపుతారు. లేనివాళ్లు "వచ్చాక చూపిస్తాం" అంటారు. బండి ఎక్కకముందు నాలుగు పక్కలా, అడుగున కూడా వీడియో తీయండి, తీస్తున్నప్పుడు వాళ్ల మనిషిని కూడా ఫ్రేములో ఉంచండి. లైసెన్స్ ఒరిజినల్ ఇవ్వకండి. పిల్లల చేతికి పెద్ద బండి ఇవ్వకండి. పిల్లల సైజు బండ్లయితే వేగం పెరగకుండా మీట దగ్గర చిన్న మర ఉంటుంది, దాన్ని బిగించి ఇమ్మని అడగండి. అదేంటో గైడ్‌కి తెలియకపోతే అక్కడి నుంచే ఇంటికి వచ్చేయండి.

సంతకం పెట్టాం కదా, ఇక చేసేదేముంది అని చాలామంది ఊరుకుంటున్నారు. ఆ కాగితం మీద సంతకం చేసినంత మాత్రాన నిర్లక్ష్యం మీద ఫిర్యాదు చేసే హక్కు పోదు. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసుకుంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే ఊరి పరిధిలోనే కేసు వేసుకోవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. యూపీఐ రసీదులు, పోస్టర్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు, ఎక్స్‌రే బిల్లు దాచుకోండి. ముఖ్యంగా పోస్టర్. మేము ఫిర్యాదు చేసిన తర్వాత దాని మీద "జలపాతం దాకా" అన్న మాట తీసేసి "జలపాతం వైపు" అని మార్చారు. పాత స్క్రీన్‌షాట్ మా దగ్గర ఉంది.

హెల్ప్‌లైన్ నుంచి మా ఫిర్యాదు వాళ్లకి వెళ్లాక ఓనర్ నాకు ఫోన్ చేశాడు. మ్యాప్‌లో మేము ఇచ్చిన ఒక్క స్టార్ రేటింగ్ తీసేస్తే నాలుగు వేలూ తిరిగి ఇస్తానన్నాడు, మిగతా 14,800 ఊసెత్తలేదు. తీయలేదు. జిల్లా కమిషన్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. వచ్చే ఆదివారానికి ఇప్పటికే అడ్వాన్స్ కట్టినవాళ్లుంటే, రద్దు చేస్తున్నామని ఇవాళే రాతపూర్వకంగా మెసేజ్ పంపండి, ఫోన్లో చెప్పి వదిలేయకండి. డబ్బు వెనక్కి ఇవ్వం, ఇంకో తేదీ ఇస్తాం అంటే అది కూడా రాసి పంపమనండి.