ఎంఏకి ఉస్మానియానా, హెచ్‌సీయూనా?

ఏటా మే నెల చివరి నుంచి ఆగస్టు దాకా నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకే ప్రశ్న మీద వస్తాయి. డిగ్రీ ముగించిన విద్యార్థులు "సార్, ఉస్మానియాలో చేరాలా, సెంట్రల్ యూనివర్సిటీలో చేరాలా?" అని అడుగుతారు. వాళ్ల తల్లిదండ్రులు కాసేపు తటపటాయించి, "అక్కడ మావాడు చదువుతాడా, తిరుగుతాడా సార్?" అని అసలు సంగతికి వస్తారు. ఉస్మానియాలో చరిత్ర ఎంఏ, ఆ తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో (సెంట్రల్ యూనివర్సిటీ అన్నా, హెచ్‌సీయూ అన్నా ఇదే) ఎంఫిల్ చేసి, ఇరవయ్యేళ్లుగా ఒక జిల్లా డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతున్నవాణ్ణి కాబట్టి రెండుచోట్ల ఉప్పూ తిన్నాను. నిరుడు మా మేనకోడలికి రెండుచోట్లా సీటు రావడంతో ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది. ఈసారి ఫోనులో రెండు ముక్కలతో సరిపెట్టకుండా వివరంగా రాద్దామనిపించింది. ప్రవేశ పరీక్షలు, ఫీజులు, రిజర్వేషన్ల సంగతులు అందరికీ తెలిసినవే గనుక వాటి జోలికి పోను.

చదువు బరువును, క్యాంపస్ జీవితాన్ని చాలామంది త్రాసులోని రెండు పళ్లాలుగా చూస్తారు. చదువు బరువెక్కితే స్నేహాలకు, సభలకు, కబుర్లకు సమయం ఉండదని, చదువు తేలికైతే పిల్లలు తిరుగుళ్లలో పడతారని వాళ్ల లెక్క. నాకు తెలిసినంతలో ఈ లెక్క రెండు వైపులా తప్పింది. ఈ రెండుచోట్లా చరిత్ర ఎంఏలో చదవవలసిన విషయాల్లో పెద్ద తేడా లేదు. ప్రాచీన భారతం, మొగలుల పాలన, జాతీయోద్యమం, దక్కను చరిత్ర ఎక్కడైనా అవే. తేడా అంతా ఆ బరువు సెమిస్టర్ పొడవునా పరుచుకుంటుందా, ఆఖరి నెలలో ఒక్కసారిగా నెత్తిన పడుతుందా అన్నదాంట్లో ఉంది. మీరు ఎవరితో కూర్చుని టీ తాగుతారో, ఎవరి గదికి వెళతారో, రెండేళ్ల తరువాత ఎవరి నంబరు మీ ఫోనులో మిగులుతుందో కూడా చాలావరకు దీన్ని బట్టే ఉంటుంది.

ఉస్మానియాలో మార్కుల్లో పెద్దపీట సెమిస్టర్ చివరి రాతపరీక్షదే. మధ్యలో ఇంటర్నల్స్ ఉంటాయి గాని, నా రోజుల్లో వాటి కోసం నిద్ర మానుకున్నవాళ్లను నేను చూడలేదు. ఇప్పుడు అక్కడ చదువుతున్న నా విద్యార్థులు చెప్పేదీ ఇంచుమించు అదే. అందువల్ల సెమిస్టర్ మొదటి మూడు నెలల్లో చేతినిండా సమయం మిగులుతుంది. ఆ సమయం షికార్లకు పోతుందని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి దానిలో అధిక భాగం లైబ్రరీ రీడింగ్ హాళ్లకే పోతుంది, అదీ ఎంఏ పుస్తకాల కోసం కాదు. ఉస్మానియాలో రెండు క్యాలెండర్లు నడుస్తాయి: ఒకటి విశ్వవిద్యాలయం విడుదల చేసే అల్మనాక్, రెండోది సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్. రెండోది వచ్చిన నాడు మొదటిదాన్ని పట్టించుకునేవాడు ఉండడు. టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, నాలుగు రంగుల పెన్నులు పట్టుకుని పొద్దున్నే కుర్చీ పట్టుకోవడానికి వెళ్లేవాళ్లలో సగం మంది గ్రూప్స్ అభ్యర్థులు, మిగతావాళ్లు ఎస్సై, జేఎల్ (జూనియర్ లెక్చరర్), నెట్ అభ్యర్థులు. అక్కడ సీటు దొరకనివాళ్లు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకో నడుస్తారు.

దీని ప్రభావం స్నేహాల మీద ఎలా ఉంటుందో నా గదినే ఉదాహరణగా చెబుతాను. మా గదిలో నలుగురం ఉండేవాళ్లం: నేను చరిత్ర, ఒకరు భౌతికశాస్త్రం, ఒకరు న్యాయశాస్త్రం, నాలుగోవాడు అప్పటికే కోర్సు అయిపోయినా గది వదలని నాన్‌బోర్డర్ అన్న. నేను రాజ్యాంగం నేర్చుకున్నది ఆ అన్న దగ్గరే. రాత్రి పన్నెండు దాటాక బల్ల మీద లైటు పెట్టుకుని ఆయన అధికరణాలు అప్పజెబుతుంటే, మేము పుస్తకం చూసి తప్పులు పట్టేవాళ్లం. ఆయనతో ఇప్పటికీ పండగకో పబ్బానికో మాట్లాడతాను. కాని నా క్లాసులో రెండేళ్లు నా పక్క బెంచీల్లో కూర్చున్నవాళ్లలో సగం మంది ఇంటిపేర్లు నాకు ఈనాటికీ తెలియవు. పరీక్షకు నలభై రోజుల ముందు మాత్రం కంబైన్డ్ స్టడీ పేరుతో అందరం ఒకచోట చేరేవాళ్లం, పరీక్ష కాగానే చెల్లాచెదురయ్యేవాళ్లం.

అలాగని ఉస్మానియాలో ఆప్యాయత తక్కువని చెబితే కళ్లు పోతాయి. అక్కడ పరిచయం "మీదే ఊరు?" అన్న మాటతో మొదలవుతుంది, రెండో వాక్యానికల్లా ఇద్దరికీ తెలిసిన చుట్టమో, బడిపంతులో తేలతాడు. దాదాపు అందరూ తెలంగాణ జిల్లాలవాళ్లే, దాదాపు అందరి ఇళ్లలోనూ ఒకే రకం లెక్కలు. జ్వరం వస్తే జావ కాచి తెచ్చేవాడు, మెస్ బకాయి కట్టలేకపోతే నలుగురి దగ్గర చందా పోగుచేసేవాడు అడగకుండానే దొరుకుతాడు. 1969లోను, మళ్లీ 2009 తరువాతను తెలంగాణ ఉద్యమానికి ఆ క్యాంపస్ గుండెకాయ కాగలగడానికి ఈ బంధుత్వం కూడా ఒక కారణమని నా నమ్మకం. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం మెట్ల మీద సాయంత్రం పూట కూర్చున్నవాడికి మరో విశ్వవిద్యాలయం కంటికి ఆనదు. నాకూ ఆనలేదు, హెచ్‌సీయూ ఉన్న గచ్చిబౌలికి వెళ్లేవరకు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నేను చదివిన రోజుల్లో నూటికి 40 మార్కులు సెమిస్టర్ నడుస్తుండగానే తేలిపోయేవి. మూడు పరీక్షలో, వ్యాసాలో పెట్టి వాటిలో మంచివి రెండు లెక్కలోకి తీసుకునేవారు; మిగిలిన 60 మాత్రమే చివరి పరీక్షకు. వినడానికి ఇది మార్కుల పంపకం మాత్రమే. ఆచరణలో, చేరిన నెల తిరిగేసరికి మొదటి పరీక్ష ముంచుకొస్తుంది. దాని కోసం నలభై యాభై పేజీల వ్యాసాలు నాలుగైదు చదవాలి, వాటి మీద క్లాసులో మాట్లాడాలి. ఒక్కడు కూర్చుని అంతా చదవడం సాధ్యం కాదు గనుక పంచుకోక తప్పదు. పంచుకున్నవాళ్లు ఒకచోట కూర్చోక తప్పదు. అది క్యాంపస్‌లోని దుకాణాల సముదాయం షాప్‌కామ్ దగ్గర కావచ్చు, గోప్స్ క్యాంటీన్ దగ్గర కావచ్చు, ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయంలో రాత్రంతా తెరిచి ఉండే రీడింగ్ రూమ్ కావచ్చు. నెలకోసారి వచ్చే ఆ చిన్న పరీక్ష, పరిచయం లేనివాళ్లను ఒక బల్ల చుట్టూ కూర్చోబెడుతుంది.

మా మేనకోడలు తెలుగు మీడియంలో డిగ్రీ చదివిన పిల్ల. చేరే ముందు రోజు రాత్రి తను అడిగినది సిలబస్ గురించి కాదు. "మామా, ఆడ అందరు ఇంగ్లిష్‌లనే మాట్లాడుకుంటరట గద, నేను ఎవరితోని కూసొని తినాలె?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మొదటి రెండు వారాలు ఒక్కతే తిన్నదని తరువాత తెలిసింది. మూడో వారంలో తెలంగాణ రైతాంగ పోరాటం మీద ఇచ్చిన వ్యాసాలను ఐదుగురు ఆడపిల్లలు పంచుకున్నారు. వాళ్లలో ఇద్దరు కేరళవాళ్లు, ఒకరు ఒడిశా, ఒకరు బెంగాల్. వ్యాసంలో వెట్టి, గడి, దొర, కౌలు, పట్టా అనే మాటలు వచ్చిన ప్రతిచోటా ఆ నలుగురూ ఆగిపోతున్నారు. మా పిల్లకు అవి పుస్తకంలో మాటలు కావు. వాళ్ల తాత వెట్టి చేసిన గడి గోడలు ఇప్పటికీ ఊళ్లో నిలబడి ఉన్నాయి. ఆ సాయంత్రం మాట్లాడవలసినది తానే అయింది. వచ్చీరాని ఇంగ్లిష్‌లో గంటసేపు చెప్పింది. ఆమె రాసుకున్న నోట్సులో వాక్యాలను మలయాళీ అమ్మాయి పెన్సిలుతో సరిదిద్దింది. మొదటి పరీక్షలో మా పిల్లకు మార్కులు బొటాబొటిగానే వచ్చాయి గాని, ఆ బల్ల మాత్రం రెండో సెమిస్టర్‌లోనూ చెదరలేదు. ఇదే వ్యాసాన్ని సెమిస్టర్ చివర ఒక ప్రశ్నకు జవాబుగా మాత్రమే రాయవలసి ఉంటే, ఆ ఐదుగురూ ఎవరి గదిలో వాళ్లు చదువుకుని ఉండేవారు.

ఈ పద్ధతికి రెండో ముఖం కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. నాలుగేళ్ల కిందట నా విద్యార్థి ఒకడు, క్లాసులో అందరికంటే చురుకైనవాడు, అక్కడే చేరి మూడు నెలలకు తిరిగి వచ్చేశాడు. మొదటి పరీక్షలో ఇరవైకి నాలుగు వచ్చాయి. వాడికి విషయం తెలియక కాదు. తెలిసిన విషయం ఇంగ్లిష్‌లో కాగితం మీదికి రాలేదు. మార్కుల సంగతి అటుంచి, పంచుకునే గుంపులో తన వంతు తాను ఇవ్వలేకపోతున్నానన్న సిగ్గుతో వాడు గుంపుకే దూరమయ్యాడు. నెలనెలా పరీక్ష ఉన్నచోట వెనకబడ్డ సంగతి నెలనెలా గుర్తు చేసినట్టవుతుంది. వాడు మరుసటి ఏడాది ఉస్మానియాలో చేరి, తెలుగులో పరీక్షలు రాసి, మంచి మార్కులతో బయటపడి, ఇవాళ జూనియర్ లెక్చరర్‌గా పనిచేస్తున్నాడు. తెలుగులో ఆలోచించి తెలుగులో రాసే విద్యార్థికి ఉస్మానియా ఇచ్చే ఊరట చిన్నది కాదు. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడానికి 1918లో పుట్టిన విశ్వవిద్యాలయం ఇవాళ తెలుగు మీడియం పిల్లలకు నీడ కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే తోస్తుంది. ఇటుపక్క, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాంతాల మధ్య వివాదాలు తీర్చడానికి వచ్చిన 1973 నాటి ఆరు సూత్రాల పథకంలో భాగంగా, స్థానికులకు ఉన్నత విద్యావకాశాలు పెంచేందుకు 1974లో ఏర్పడ్డ హెచ్‌సీయూలో దేశం నలుమూలల పిల్లలు కనిపిస్తారు.

రాజకీయాల గురించి తల్లిదండ్రులు భయపడతారు గనుక ఒక మాట. రెండుచోట్లా విద్యార్థి సంఘాలు బలంగానే ఉన్నాయి. ఉస్మానియాలో 1980ల చివరి నుంచి విద్యార్థి సంఘ ఎన్నికలు లేవు. కాబట్టి రాజకీయం ర్యాలీల్లో, సభల్లో, నాయకుల చుట్టూ నడుస్తుంది. హెచ్‌సీయూలో ఎన్నికలు జరుగుతాయి. కాబట్టి పోటీ చేసేవాడు హాస్టళ్లకు వచ్చి గది గదికీ తిరిగి ఓటు అడగాలి, మెస్ గురించి అడిగితే జవాబు చెప్పాలి. రోహిత్ వేముల మరణం తరువాత 2016 జనవరిలోను, కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల వివాదం నడిచిన 2025 మార్చి, ఏప్రిల్‌లలోను అక్కడి విద్యార్థుల మాట ఢిల్లీ దాకా వినబడింది. ఆ రోజుల్లో తరగతులు దెబ్బతినవా అంటే తింటాయి. ఉస్మానియాలో 2009 చివర్లో దెబ్బతినలేదా?

పరిసరాల విషయానికి వస్తే, ఉస్మానియా గుండా నగరం నడిచిపోతుంది. తార్నాకలో మెట్రో దిగితే క్యాంపస్, అటు అడిక్‌మెట్‌లో తేలితే విద్యానగర్, నల్లకుంట. ట్యూషన్లు చెప్పుకుని నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకునేవాళ్లకు అదే అనువు. హెచ్‌సీయూలో హాస్టల్ నుంచి క్లాసుకు వెళ్లాలన్నా సైకిలు ఉంటే మేలు. బండరాళ్లు, చెరువులు, నెమళ్లు బోలెడన్ని ఉన్నా, గేటు దాటితే విద్యార్థి జేబుకు అందని గచ్చిబౌలి.

మిగతా దారులను కూడా కొందరు అడుగుతుంటారు. భాషలు, సాహిత్యం చదవదలచినవాళ్లకు తార్నాకలోనే ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఉంది, మంచిది. ఉర్దూ మీడియం వాళ్లకు మనూ (మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం) ఉండనే ఉంది. వరంగల్ చుట్టుపక్కలవాళ్లకు ఇంటి నుంచి వెళ్లి రాగలిగే దూరంలో కాకతీయ ఉంటే హైదరాబాదే కావాలని పంతం పట్టనక్కరలేదు. దూరవిద్యలో ఎంఏ పట్టా వస్తుంది గాని, ఈ వ్యాసంలో మాట్లాడుతున్నదేదీ అందులో ఉండదు.

ఇక నేను ఏమి చెబుతానంటే, రెండేళ్లలో ఉద్యోగ పరీక్ష రాయడమే లక్ష్యమై, ఎంఏ దానికి ఆసరా మాత్రమే అయితే ఉస్మానియాలో చేరండి. ఆ లక్ష్యంతో హెచ్‌సీయూకు వెళ్లినవాళ్లు నెలనెలా పరీక్షలను తిట్టుకుంటూ గడపడం చూశాను. చరిత్రో, సమాజశాస్త్రమో నిజంగా చదవాలని, ఆ తరువాత పరిశోధన చేయాలని ఉంటే, ఇంగ్లిష్ ఎంత తడబడినా, మొదటి సెమిస్టర్ నేల మీద పడి లేవడానికి సిద్ధపడి హెచ్‌సీయూకే వెళ్లండి. తేల్చుకోలేనివాళ్లను కూడా నేను గచ్చిబౌలి బస్సే ఎక్కిస్తున్నాను. ఆర్ట్స్ కాలేజీ మెట్లను తలచుకుంటే మనసు కొంచెం నొచ్చుకుంటుంది గాని, ఎక్కిస్తున్నాను.

చేరే ముందు ఒక్కరోజు రెండుచోట్లకూ వెళ్లి రండి. భవనాలు చూడడానికి ఆ రోజు ఖర్చు చేయకండి. మీరు చేరబోయే శాఖలోని రెండో ఏడాది విద్యార్థిని పట్టుకుని, కిందటి సెమిస్టర్‌లో మొదటి ఇంటర్నల్ ఏ వారంలో జరిగింది, దానికి ఎవరెవరితో కలిసి చదివావు అని రెండే ప్రశ్నలు అడగండి. హెచ్‌సీయూలో అలాంటివాళ్లు సాయంత్రం ఆరు దాటాక షాప్‌కామ్ దగ్గర దొరుకుతారు. ఉస్మానియాలోనైతే పొద్దున పదకొండు ప్రాంతంలో, రీడింగ్ హాల్లో కుర్చీ మీద పుస్తకం పెట్టి టీకి బయటికి వచ్చినప్పుడు పట్టుకోవాలి.