వాయువు చేసిన పని: సూత్రమా, వైశాల్యమా, మొదటి నియమమా, ఏది మేలు?

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉష్ణగతిక శాస్త్రం పాఠం పూర్తయ్యేసరికి, వాయువు చేసిన పనిని కనుక్కోవడానికి విద్యార్థి నోటుపుస్తకంలో కనీసం నాలుగు సూత్రాలు చేరి ఉంటాయి. పీడనం మారకపోతే ఒకటి, ఉష్ణోగ్రత మారకపోతే సంవర్గమానంతో ఇంకొకటి, ఉష్ణం లోపలికీ బయటికీ పోకపోతే గామాతో (వాయువు రెండు విశిష్టోష్ణాల నిష్పత్తితో) మరొకటి, ఘనపరిమాణం మారకపోతే పని సున్నా అని చివరిది. ఇవన్నీ సరైనవే. అయితే లెక్క చదవగానే ఏ సూత్రం వాడాలా అని వెతకడం మొదలుపెట్టిన విద్యార్థి, ఆ నాలుగింటిలో ఇమడని ప్రక్రియ ఎదురుకాగానే ఆగిపోతాడు. సూత్రంతో పాటు మరో రెండు దారులున్నాయి: పీ-వీ (పీడనం-ఘనపరిమాణం) గ్రాఫ్ గీసి గీత కింది వైశాల్యం కొలవడం, వచ్చిన ఉష్ణం అంతర్గత శక్తి పెరుగుదలకూ చేసిన పనికీ సరిపోవాలన్న మొదటి నియమం ప్రకారం ఉష్ణానికీ అంతర్గత శక్తికీ లెక్క కట్టడం. ఈ మూడింటిలో గ్రాఫ్‌తోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. మిగిలిన రెండూ ఎక్కడ దాని కంటే మెరుగో కూడా చూడాలి కనుక, ఒకే వాయువును తీసుకొని మూడు దారులనూ దాని మీదే పరీక్షిద్దాం.

సిలిండరులో, కదిలే పిస్టన్ కింద, ఏకపరమాణుక ఆదర్శ వాయువు ఉందనుకుందాం. మొదట దాని ఘనపరిమాణం 1 లీటరు, పీడనం 400 కిలోపాస్కల్‌లు. చివరికి ఘనపరిమాణం 4 లీటర్లు, పీడనం 100 కిలోపాస్కల్‌లు. రెండు చోట్లా పీడన ఘనపరిమాణాల లబ్ధం 400 కాబట్టి ఉష్ణోగ్రతా రెండు చోట్లా ఒకటే. దాన్ని 300 కెల్విన్‌లు అనుకుందాం. కిలోపాస్కల్‌ను లీటరుతో గుణిస్తే నేరుగా జౌల్ వస్తుంది. పదుల ఘాతాల దగ్గర దొర్లే తప్పుల్లో చాలా భాగం ఈ ప్రమాణాలు వాడితే రావు.

ఇప్పుడు వాయువు చేసిన పని ఎంత అని అడిగితే, సూత్రాలకు అలవాటుపడిన విద్యార్థి తొలి, తుది ఉష్ణోగ్రతలు సమానమని గమనించి, వెంటనే సమోష్ణోగ్రతా ప్రక్రియ సూత్రం ఎత్తుకుంటాడు. 400ను 4 యొక్క సహజ సంవర్గమానంతో, అంటే 1.386తో గుణించి సుమారు 554 జౌల్‌లు అని రాస్తాడు. లెక్కలో తప్పు లేదు, కాని ప్రశ్నకు అది జవాబు కాదు. కొసల దగ్గర ఉష్ణోగ్రత ఒకటే అయినంత మాత్రాన దారి పొడవునా ఒకటే అని ఎవరూ చెప్పలేదు. దారి చెప్పకుండా పని అడగడమే కుదరదన్న సంగతి సూత్రంలో ఎక్కడా కనిపించదు. గ్రాఫ్ గీయడానికి కూర్చుంటే మాత్రం తప్పించుకోలేం: రెండు చుక్కలు పెట్టాక వాటిని ఏ గీతతో కలపాలో తేల్చుకోకుండా పెన్సిల్ ముందుకు కదలదు.

ఆ రెండు చుక్కలనూ నాలుగు రకాలుగా కలిపి చూడండి. ముందు 400 కిలోపాస్కల్‌ల దగ్గరే 4 లీటర్ల దాకా వ్యాకోచించనిచ్చి, ఆ తర్వాత పిస్టన్ కదలకుండా చల్లబరిస్తే, గీత కింద 400 ఎత్తు, 3 వెడల్పు గల దీర్ఘచతురస్రం ఏర్పడుతుంది. పని 1200 జౌల్‌లు. ముందు చల్లబరిచి, 100 కిలోపాస్కల్‌ల దగ్గర వ్యాకోచించనిస్తే 300 జౌల్‌లు. చుక్కలను సరళరేఖతో కలిపితే సగటు పీడనం 250 కాబట్టి 750 జౌల్‌లు. ఉష్ణోగ్రత మార్చకుండా వక్రరేఖ మీదుగా వస్తే పైన చెప్పిన 554 జౌల్‌లు. బయలుదేరిన చోటూ చేరిన చోటూ ఒకటే అయినా, అత్యధిక పని అత్యల్ప పనికి నాలుగు రెట్లుంది. ఏ గీత పైన ఉందో, ఏది కింద ఉందో చూస్తే చాలు, ఒక్క అంకె వేయకుండానే ఈ నాలుగింటినీ వరుసలో పెట్టవచ్చు. పోటీ పరీక్షల్లో ఏ ప్రక్రియలో పని ఎక్కువ అని అడిగే ప్రశ్నలకు ఇంతకంటే దగ్గరి దారి లేదు.

సంవర్గమానం గుర్తుకు రాకపోయినా గ్రాఫ్ చేయి విడవదు. సమోష్ణోగ్రతా రేఖ మీద 1, 2, 3, 4 లీటర్ల దగ్గర పీడనాలు 400, 200, 133, 100. పక్కపక్క చుక్కలను సరళరేఖలతో కలిపి, ఏర్పడిన మూడు ట్రెపీజియంల వైశాల్యాలు కూడితే 583 వస్తుంది. అరలీటరు చొప్పున విభజిస్తే 562 వస్తుంది. ఈ వక్రరేఖ కిందికి వంగి ఉంటుంది కాబట్టి ట్రెపీజియంల మొత్తం ఎప్పుడూ అసలు విలువ కంటే కాస్త ఎక్కువే ఉంటుందని బొమ్మే చెబుతుంది. ఇది కేవలం తరగతి గది ఉపాయం కాదు. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్, అతని సహాయకుడు జాన్ సదర్న్ ఆవిరి యంత్రానికి అమర్చిన ఇండికేటర్‌లో పెన్సిల్ ఆవిరి పీడనాన్ని బట్టి పైకీ కిందికీ కదిలేది, కాగితం పిస్టన్‌తో పాటు జరిగేది. అలా యంత్రమే గీసి ఇచ్చిన మూసిన చుట్టు (లూప్) లోపలి వైశాల్యాన్ని బట్టి అది చేసిన పనిని లెక్కగట్టేవారు. ఆ గీతకు సమీకరణం ఎవరి దగ్గరా లేదు, అవసరమూ కాలేదు. ఉష్ణ యంత్రాల గురించి ఫ్రెంచ్ ఇంజనీరు కార్నో చేసిన ఆలోచనలను 1834లో మరో ఫ్రెంచ్ ఇంజనీరు క్లాపేరాన్ పీడన ఘనపరిమాణ చిత్రంగా గీసి చూపిన తర్వాతే అది సిద్ధాంతంలోకి వచ్చింది. మనం వాడే సూత్రాల కంటే ముందే ఈ బొమ్మ పనిలోకి దిగిందన్నమాట.

అయితే వైశాల్యం పనిని మాత్రమే చెబుతుంది. ఉష్ణం ఎంత వచ్చింది, ఎంత పోయింది అన్న ప్రశ్నకు గ్రాఫ్ ఒక్కటే చాలదు. ఇక్కడ మొదటి నియమం ముందుకు రావాలి. కొసల దగ్గర ఉష్ణోగ్రత ఒకటే కనుక పై నాలుగు దారుల్లోనూ అంతర్గత శక్తిలో నికర మార్పు సున్నా, కాబట్టి వాయువు తీసుకున్న నికర ఉష్ణం చేసిన పనికి సరిగ్గా సమానం. దీనికి వేరే లెక్క అక్కరలేదు. కాని సరళరేఖ దారిని కాస్త దగ్గరగా చూస్తే విద్యార్థులు నమ్మడానికి మొరాయించే ఒక సంగతి బయటపడుతుంది. ఆ రేఖ మీద పీడన ఘనపరిమాణాల లబ్ధం 400 దగ్గర మొదలై, 2.5 లీటర్ల దగ్గర 625కు చేరి, తిరిగి 400కు దిగుతుంది. అంటే మధ్యలో వాయువు దాదాపు 469 కెల్విన్‌ల దాకా వేడెక్కి, అక్కడి నుంచి చల్లబడుతుంది. చల్లబడుతున్నదంటే ఉష్ణం బయటికి పోతున్నట్టే కదా అని అందరూ అనుకుంటారు. మొదటి నియమాన్ని చిన్న చిన్న అడుగులకు వర్తింపజేస్తే అలా కాదని తేలుతుంది: 2.5 నుంచి 3.125 లీటర్ల వరకు ఈ వాయువు ఉష్ణాన్ని తీసుకుంటూనే చల్లబడుతుంది, ఎందుకంటే అక్కడ లోపలికి వచ్చే ఉష్ణం కంటే అది చేస్తున్న పని ఎక్కువ. ఆ బిందువు దాటాకే ఉష్ణం బయటికి పోవడం మొదలవుతుంది. మొత్తం మీద సుమారు 903 జౌల్‌లు తీసుకొని 153 జౌల్‌లు వదులుతుంది. తేడా 750, గీత కింది వైశాల్యం. ఈ సంగతి సూత్రాల పట్టికలో దొరకదు, గ్రాఫ్‌లో ఒంటరిగానూ కనిపించదు. గ్రాఫ్‌ను పక్కన పెట్టుకొని మొదటి నియమంతో లెక్కగడితేనే తెలుస్తుంది.

ఉష్ణం లోపలికీ బయటికీ పోని స్థిరోష్ణక ప్రక్రియ దగ్గర మాత్రం మొదటి నియమానిదే పైచేయి. అదే వాయువు ఉష్ణబంధక గోడల మధ్య 1 లీటరు నుంచి 4 లీటర్లకు వ్యాకోచిస్తే గీత సమోష్ణోగ్రతా రేఖ కంటే నిటారుగా దిగుతుంది, ఎందుకంటే ప్రతి బిందువు దగ్గరా దాని వాలు గామా రెట్లుంటుంది. పని తక్కువేనని చూడగానే తెలుస్తుంది, కాని ఎంత తక్కువో చెప్పడానికి వైశాల్యం కొలవడం వృథా శ్రమ. ఉష్ణం సున్నా కాబట్టి పని అంతా అంతర్గత శక్తి నుంచే రావాలి. ఉష్ణోగ్రత 300 నుంచి 119 కెల్విన్‌లకు పడిపోతుంది, అంతర్గత శక్తి 600 నుంచి 238 జౌల్‌లకు తగ్గుతుంది, కనుక పని 362 జౌల్‌లు. గామా ఉన్న సూత్రం వాడినా ఇదే వస్తుంది, ఎందుకంటే ఆ సూత్రం మొదటి నియమానికి మరో రూపమే. అందుకే దాన్ని కంఠస్థం చేయించడం నాకు ఇష్టం ఉండదు. హారంలో గామా మైనస్ 1 ఉందా, 1 మైనస్ గామా ఉందా అని తడబడే పిల్లవాడికి, వ్యాకోచిస్తే వాయువు చల్లబడుతుందన్న ఒక్క మాట గుర్తుంటే ధన, రుణ గుర్తు దానంతట అదే సరిపోతుంది.

ధన, రుణ గుర్తుల విషయంలో మన పిల్లల ఇబ్బంది నిజమైనది. భౌతికశాస్త్రం పుస్తకంలో వాయువు చేసిన పని ధనాత్మకం, రసాయనశాస్త్రం పుస్తకంలో వాయువు మీద జరిగిన పని ధనాత్మకం. ఒకే ఏడాది, ఒకే పరీక్షకు రెండూ చదవాలి. సూత్రాన్నే నమ్ముకున్నవారికి ఇది ప్రతిసారీ ప్రమాదమే. గ్రాఫ్‌లో గీత కుడి వైపుకు నడిస్తే వాయువు పని చేసింది, ఎడమ వైపుకు నడిస్తే దాని మీద పని జరిగింది. ఏ గుర్తు పెట్టాలన్నది ఆఖరున, పుస్తకాన్ని బట్టి చూసుకుంటే చాలు. చక్రీయ ప్రక్రియలోనూ ఇంతే. పై దారిన 1200 జౌల్‌లతో వెళ్లి, కింది దారిన 300 జౌల్‌లతో వెనక్కి వస్తే, సవ్యదిశలో తిరిగిన ఆ చుట్టు లోపలి వైశాల్యం 900 జౌల్‌లే నికర పని.

గ్రాఫ్‌ను గుడ్డిగా వాడితే దానికీ తప్పులున్నాయి. ఘనపరిమాణం-ఉష్ణోగ్రత గ్రాఫ్ ఇచ్చినప్పుడు దాని కింది వైశాల్యాన్ని పని అని రాయడం తరచూ చూస్తాను; ముందు దాన్ని పీ-వీ అక్షాల మీదికి మార్చుకోవాలి. చుట్టు వృత్తంలా కనిపిస్తే వ్యాసార్ధం వర్గం వేయకూడదు, రెండు అక్షాల ప్రమాణాలు వేరు కాబట్టి π (సుమారు 3.14) విలువలో నాలుగో వంతును పీడన వ్యత్యాసంతోనూ ఘనపరిమాణ వ్యత్యాసంతోనూ గుణించాలి. పిస్టన్ మీది పీడనాన్ని ఒక్కసారిగా 100 కిలోపాస్కల్‌లకు తగ్గించేస్తే వాయువు లోపలి పీడనానికి ఒకే విలువ అంటూ ఉండదు. అప్పుడు బాహ్య పీడనం ఎత్తున గీసిన దీర్ఘచతురస్రమే పనికి కొలత. మన వాయువు అలా వ్యాకోచించి తిరిగి 300 కెల్విన్‌లకు వస్తే చేసే పని 300 జౌల్‌లే, 554 కాదు. ఇక గదికి అటువైపు శూన్యం ఉండి, మధ్య తెర తీసేస్తే, వాయువు దేన్నీ నెట్టదు కాబట్టి పని సున్నా, అంతర్గత శక్తి మారదు, ఉష్ణోగ్రతా మారదు. ఈ స్వేచ్ఛా వ్యాకోచంలో తొలి, తుది స్థితులు మన ఉదాహరణలోని ఆ రెండు చుక్కలే. వాటిని గ్రాఫ్ మీద పెట్టవచ్చు గాని, మధ్యలో వాయువుకు నిర్దిష్టమైన పీడనం లేదు కనుక వాటిని కలిపే గీత మాత్రం గీయకూడదు.