గోల్కొండ, భువనగిరి, ఓరుగల్లు: ఏ కోటకు ఎంత సమయం పెట్టాలి

హైదరాబాద్‌లో ఉంటూ కోటలు చూడాలనుకునేవాళ్లు గోల్కొండను సాయంత్రం షికారుగా పెట్టుకోవద్దు. నాలుగింటికి టికెట్ తీసుకుంటే పైన బారాదరి (కొండమీది దర్బారు మండపం) దగ్గర నాలుగు ఫొటోలు దిగేసరికే మూసే వేళవుతుంది, కింద రాణీ మహళ్లు చూడకుండానే బయటికి రావాలి. పొద్దున తొమ్మిదికల్లా గేటు దగ్గరుండి, మూడు నాలుగు గంటలు చేతిలో పెట్టుకోండి. ఆదివారమైతే ఫతే దర్వాజా లోపలి ఇరుకు రోడ్డులో కారు ఇరుక్కుపోతుంది. మెహదీపట్నం నుంచి సిటీ బస్సో ఆటోనో నయం.

కొండకోటలోకి వెళ్లే ముఖ్య ద్వారమైన బాలా హిస్సార్ దర్వాజా ముందు అడ్డంగా ఒక గోడ ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోకుండా పక్క నుంచి వెళ్లిపోతారు. తలుపుల్ని గుద్దే ఏనుగుకు పరుగందుకునే చోటు లేకుండా చేయడమే ఆ గోడ పని. లోపల గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండపైన వినపడాలి. సెలవు రోజుల్లో వందమంది ఒకేసారి కొడుతుంటే ఏ చప్పట్లు ఎవరివో తెలియదు. మామూలు రోజుల్లో, గుమ్మటానికి సరిగ్గా నడిమధ్య నిలబడి కొట్టాలి, పైన ఒక మనిషిని ఉంచాలి.

రామదాసు చెర, 1642 నాటి శాసనమున్న అంబర్‌ఖానా (సరుకులు దాచే కొట్టు) మీదుగా ఎక్కి, రెండో దారిలో రాణీ మహళ్ల వైపు దిగండి. ఆ దిగుడు మెట్లు ఎత్తుగా, అరిగిపోయి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది భాగం చూసుకుంటే చాలు, అదీ తక్కువేం కాదు. గోడలు పెచ్చులూడిన చోట మట్టి గొట్టాలు కనిపిస్తాయి. కింది బావుల నీళ్లు అంచెలంచెలుగా కొండమీదికి చేరింది వాటి గుండానే. 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ముట్టడించినా గోడలు లొంగలేదు. లోపలివాడొకడు తలుపు తీస్తేనే కోట చేజారింది.

గైడును పెట్టుకుంటే గుర్తింపు కార్డు చూడండి, రేటు మాట్లాడేటప్పుడే రాణీ మహళ్లు కూడా చూపించాలని చెప్పండి. కొందరు కొండపైనే సెలవు తీసుకుంటారు. సౌండ్ అండ్ లైట్ షోకు టికెట్ వేరు. భాషను బట్టి రోజులు మారతాయి, తెలుగు ఏ రోజో ముందే కనుక్కోండి. దోమల మందు రాసుకోకుండా కూర్చోలేరు.

భువనగిరి వేరే తరహా. దాదాపు యాభై కిలోమీటర్లు, సికింద్రాబాద్ నుంచి రైలుంది. అయిదువందల అడుగులకు పైబడిన ఒకే బండ, దానిమీద చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన కోట. మెట్లు కొంతవరకే, ఆ తర్వాత బోడిబండ. చెట్టు నీడ ఉండదు కాబట్టి ఎండాకాలంలో పది దాటాక ఎక్కడం మంచిది కాదు. వాన కురిసిన రోజు అసలే వద్దు, తడి బండమీద బూటు జారుతుంది. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. కట్టడాలు తక్కువే, ఎక్కడమే ఇక్కడి ఆనందం. 2014లో ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చింది ఇక్కడే.

నా లెక్కలో అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది ఓరుగల్లుకు. నాలుగు కీర్తి తోరణాల దగ్గర అరగంట గడిపి వెళ్లిపోతారు. కోటంటే ఆ గోడలు కదా! గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి ఎత్తు పెంచిన రాతికోట, దాని చుట్టూ అగడ్త, ఆ వెలుపల మట్టికోట. రాతికోట ద్వారంలో దారి నేరుగా సాగదు, గోడల మధ్య మెలికలు తిరుగుతుంది. చొచ్చుకొచ్చినవాడు ప్రతి మలుపులోనూ పైనున్న సైనికులకు చిక్కుతాడు. గోడ లోపలివైపు పొడుగునా మెట్లున్నాయి, ఎక్కడ దాడి జరిగితే అక్కడికి సైనికులు ఎక్కడానికి. ఆటో మాట్లాడేటప్పుడే ద్వారం దగ్గర ఆపాలని, మట్టికోట కూడా చూపాలని చెప్పండి. లేకపోతే తిన్నగా తోరణాల దగ్గర దింపేస్తారు.

రైల్లో రెండు, రెండున్నర గంటలు. కాజీపేటలో కాకుండా వరంగల్ స్టేషన్‌లో దిగితే కోట దగ్గర. రాత్రి ఉండాలంటే మాత్రం హన్మకొండ మేలు. లాడ్జీలు ఎక్కువ, పర్యాటక శాఖ హరిత హోటలూ అక్కడే ఉంది, పొద్దున్నే వేయిస్తంభాల గుడి చూసుకుని కోటకు బయల్దేరవచ్చు.