నెర్వ్ మానిటర్: నాకు తెర కన్నా స్పీకరే ముఖ్యం

ఈ మిషను కొన్నది సర్జన్ల కోసం. చెవి నరం దగ్గర పెరిగిన ట్యూమర్ తీసేటప్పుడు ఫేషియల్ నెర్వ్ (ముఖాన్ని కదిలించే నరం) ఎక్కడుందో చెప్పాలి, అంతే. ఛానళ్లెన్ని, సాఫ్ట్‌వేర్ ఏమిటి అన్నవి డెమోకి వచ్చినవాళ్లే చెబుతారు. గుంటూరులో మత్తు డాక్టరుగా కొన్నేళ్ల నుంచి దీని పక్కనే కూర్చుంటున్న నాకు ఇందులో ప్రాణం ఒక్కటే, దాని స్పీకర్.

ముఖం కండరాల్లో పెట్టిన సూదుల నుంచి వచ్చే విద్యుత్తును అది శబ్దం చేసి వినిపిస్తుంది. అంతా సవ్యంగా ఉంటే సన్నటి హోరు. నరాన్ని తాకితే పేలాలు వేగినట్టు టపటపా. నరం సాగుతుంటే ఆగకుండా గరగర. సర్జన్ కళ్లు మైక్రోస్కోపులో ఉంటాయి, నావి మందులెక్కించే పంపుల మీద ఉంటాయి. చెవులు మాత్రం ఇద్దరివీ ఖాళీయే.

కండరం పలకాలి కాబట్టి ఈ కేసుల్లో రిలాక్సెంట్ (కండరాలు సడలించే మందు) నడపలేం. గొంతులో శ్వాస ట్యూబు వేసేటప్పుడు ఇచ్చిన రోక్యురోనియం, అదీ ఆ రకం మందే, దిగిపోవాల్సిందే. చేతులు కాళ్ల ఎంఈపీ (తల మీద కరెంటు ఇచ్చి కండరాలు పలుకుతున్నాయో లేదో చూసే పరీక్ష) కూడా చూడాలంటే మత్తు గ్యాసు ఆ సిగ్నల్‌ని అణిచేస్తుంది, అందుకని రక్తంలోకి ఎక్కించే ప్రొపోఫాల్ (మత్తుమందు), ఫెంటానిల్ (నొప్పిమందు) మీదే ఆధారపడతాం. తల మూడు పిన్నుల మధ్య బిగించి ఉంటుంది, ఒళ్లు మాత్రం కదలగలిగే స్థితిలోనే ఉంటుంది. కదిలిందంటే పిన్నుల దగ్గర చర్మం చీరొచ్చు, మెడ దెబ్బతినొచ్చు. లోపల బ్రెయిన్‌స్టెమ్ (మెదడు కాండం) పక్కనే సర్జన్ పరికరం ఉంటుంది.

పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒకావిడ కేసు చెబుతాను. "డాక్టరమ్మా, మూతి వంకర పోదు కదా?" అని టేబుల్ మీద పడుకునే దాకా అడుగుతూనే ఉంది. ట్యూమర్ పెద్దది, ఎంఈపీ కూడా పెట్టాం. ఆ కరెంటుకి నాలుక కరుచుకోకుండా దవడల మధ్య మెత్తటి గాజ్ గుడ్డ చుట్టలు పెట్టి మొదలుపెట్టాం. సగం ట్యూమర్ బయటికొచ్చాక, సన్నటి హోరు మాత్రమే వినిపిస్తున్న స్పీకర్ గొణగడం మొదలుపెట్టింది. సర్జన్‌గారు నరం మీద ఒత్తిడి పడిందనుకుని చెయ్యి పైకెత్తేశారు. అయినా ఆగలేదు, ఇంకా పెరిగింది. "మేడమ్, అటు వైపు ఛానల్ కూడా పలుకుతోంది" అన్నాడు టెక్నీషియన్.

ఆపరేషన్ జరుగుతున్నది ఎడమవైపు. కుడివైపు బుగ్గలో పెట్టిన సూదుల నుంచి శబ్దం రావాల్సిన పనే లేదు. రెండు వైపులా వస్తోందంటే నరం గొడవ కాదు, మత్తు పలచబడుతోంది. పంపు చూస్తే పచ్చ లైటు, మందు ఎక్కుతున్నట్టే అంకెలు. డ్రేప్స్ (పేషెంటు మీద కప్పిన గుడ్డలు) కింద చెయ్యి పెడితే తడి, తెల్లగా ప్రొపోఫాల్. త్రీవే (గొట్టాలను కలిపే ప్లాస్టిక్ కుళాయి) పగిలి కారిపోతోంది. కొవ్వు కలిసిన మందు కాబట్టి కొన్ని రకాల ప్లాస్టిక్ దానికి పగుళ్లిస్తుంది. గొట్టం మూసుకుపోయి ఒత్తిడి పెరిగితే పంపు అలారం కూస్తుంది, కారిపోయేటప్పుడు ఒత్తిడి ఎక్కడ పెరుగుతుంది? మత్తు ఎంత లోతుగా ఉందో చెప్పే నుదుటి మీది బిస్ నంబరు కొంతసేపటి లెక్క తీసి చూపిస్తుంది, అప్పటికింకా సరిగా కదలనే లేదు. రెండో లైన్లో చేత్తోనే ప్రొపోఫాల్ ఇచ్చాను. గొణుగుడు తగ్గి మళ్లీ సన్నటి హోరు వినిపించాకే నా ఊపిరి కుదుటపడింది. ఆవిడ వేలు కూడా కదపలేదు.

ఆ రోజు నుంచి స్పీకర్ వాల్యూమ్ తగ్గించమంటే ఒప్పుకోను. పంపుకీ పేషెంటుకీ మధ్య గొట్టం డ్రేప్స్ పైన కనబడేలా పెట్టుకుంటున్నాను.

అయితే కాటరీ (కరెంటుతో కాల్చి రక్తం ఆపే పరికరం) వాడుతున్నంతసేపూ ఈ స్పీకర్ మూగబోతుంది. కరెంటు రొద వినబడకుండా మిషనే శబ్దం కట్టేస్తుంది. ఒకసారి రక్తం ఆపడానికి కాటరీ వాడుతుండగా పేషెంటు పిన్నుల్లోనే దగ్గాడు. ముందుగా చిన్న చప్పుడైనా వినబడలేదు. అదృష్టం, ఏమీ కాలేదు. డ్రిల్లు నడిచేటప్పుడు వినబడినా తెలియదు. చల్లటి సెలైన్ నరం మీద పడితే ఊరికే గరగరమంటుంది, వేడి దుప్పటి మోటార్ వల్ల కూడా రొద వస్తుంది. అన్నిటికీ మించి, ఆపరేషన్ లేని వైపు బుగ్గలో సూది పెట్టకపోతే ఆ రోజు మాకు తేడా తెలిసేదే కాదు. ఖర్చని ఆ ఛానల్ మానేసేవాళ్లను చూశాను, నాకది అస్సలు నచ్చదు.

కాబట్టి కొనమంటానా? మా దగ్గర ఎప్పుడూ ఒకే టీము, ఛానళ్లు చదివే టెక్నీషియన్ పక్కనే ఉంటాడు, ఇలాంటి ట్యూమర్లు క్రమం తప్పకుండా వస్తాయి. మాకు ఇది విలువైనదే. ఎప్పుడో ఒక కేసు చేసే చోట, చూసే మనిషి లేకుండా అయితే, ఆ డబ్బుతో ముందు మంచి పంపులు, ప్రొపోఫాల్‌కి తట్టుకునే త్రీవేలు కొనమంటాను. కొన్నాక మాత్రం రెండో బుగ్గ ఛానల్ వదలొద్దు, కాటరీ ఆన్ చేసే ముందు నాకొక మాట చెప్పమని సర్జన్‌ని అడిగినట్టే మీరూ అడగండి.