సిలబస్ టూల్‌తో ఒక సెమిస్టర్: గంటల లెక్క భేష్, పీడీఎఫ్‌తోనే చిక్కు

పన్నెండేళ్లుగా డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. ఇన్నాళ్లూ సిలబస్ తయారీ అంటే పాత ఫైలు తెరిచి తేదీలు మార్చడమే. ఈసారి కోర్సు మొత్తం తిరగరాయాల్సి రావడంతో ఈ ఆన్‌లైన్ టూల్ తీసుకున్నాను. సెమిస్టర్ పూర్తయ్యాక రాస్తున్న మాటలివి.

యూనిట్ల పేర్లు అడుగుతుందనుకున్నాను. మొదటి స్క్రీన్‌లోనే, కోర్సు అయ్యేసరికి విద్యార్థి ఏం చేయగలగాలి అని అడిగింది. ‘పి-వాల్యూను అర్థం చేసుకుంటారు’ అని టైప్ చేశాను (నిజానికి ప్రభావమేమీ లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ, కాకతాళీయంగా కనబడే అవకాశం ఎంతో చెప్పే సంఖ్య అది). ‘అర్థం చేసుకుంటారు’ కింద ఎర్రగీత పడింది. పక్కనే ఒక ప్రశ్న: అర్థమైందని మీకెలా తెలుస్తుంది? జవాబు వెంటనే తోచలేదు. చాలాసేపు ఆలోచించి, ‘ఇచ్చిన డేటా మీద టెస్ట్ చేసి, ఫలితాన్ని లెక్కలు రానివాళ్లకు రెండు వాక్యాల్లో చెప్పగలరు’ అని మార్చాను. ఫైనల్ పరీక్షలో ఏం అడగాలో ఆ వాక్యమే చెప్పేసింది. ఏళ్ల తరబడి అడుగుతున్న ‘సూత్రం రాయుము’ ప్రశ్న ఆ రోజే తీసేశాను.

ఆ ఎర్రగీత వెనక ఉన్నది 1956 నాటి బ్లూమ్ వర్గీకరణ, అంటే చదువు లక్ష్యాలను తేలికవాటి నుంచి కష్టమైనవాటి దాకా మెట్లుగా పేర్చిన పద్ధతి. 2001లో సవరించిన రూపంలో గుర్తుంచుకోవడం నుంచి సృష్టించడం దాకా ఆరు మెట్లు. అయితే ప్రతి యూనిట్‌లోనూ పైమెట్టు క్రియ ఒకటి ఉండాల్సిందేనని టూల్ పట్టుబడుతుంది. మీన్, మీడియన్ చెప్పే మొదటి వారంలో పిల్లలు ఏం సృష్టిస్తారు? ఆ హెచ్చరికను పక్కన పెట్టేయండి, ఏమీ కాదు.

నాకు బాగా నచ్చింది గంటల లెక్క. మాది 3 క్రెడిట్ల కోర్సు, 15 వారాలు, తరగతిలో 45 గంటలు. తరగతి గంటకు బయట రెండు గంటలన్నది చాలాచోట్ల వాడే లెక్క కాబట్టి వారానికి 6 గంటల ఇంటిపని. చదవాల్సిన పేజీలు, ప్రాబ్లం షీట్లు, ప్రాజెక్టు ఎంటర్ చేస్తూ పోతే వారం వారం ఒక గడి నిండుతూ వచ్చింది. తొమ్మిదో వారం 11 గంటలు చూపించింది! మిడ్‌టర్మ్, ప్రాజెక్టు ప్రపోజల్, 40 పేజీల రీడింగ్ అన్నీ ఆ వారంలోనే పెట్టాను. ఏటా ఆ సమయానికి పిల్లలు డీలా పడిపోతుంటే శ్రద్ధ తగ్గిందనుకునేదాన్ని. ప్రపోజల్‌ను ఏడో వారానికి జరిపాను. ఇంకో తప్పు కూడా పట్టించింది: హైపోథిసిస్ టెస్టింగ్ పదకొండో వారం పాఠం, దాని అసైన్‌మెంట్ గడువేమో పదో వారం.

ఇక లోపాలు. సెమిస్టర్ మధ్యలో ఒక వారం సెలవు కలిపితే పాఠాల తేదీలు జరిగాయి, గడువు తేదీలు మాత్రం కదల్లేదు. ఒక్కొక్కటీ చేత్తో దిద్దుకున్నాను.

రెండోది చిన్నది కాదు. మా క్లాసులో చూపులేని అబ్బాయి ఒకడున్నాడు, స్క్రీన్ రీడర్‌తో చదువుకుంటాడు. రెండో వారంలో వచ్చి, “మేడం, మూడో పేజీ నుంచి ఏమీ వినబడట్లేదు” అన్నాడు. తన ఫోన్‌లోనే వినిపించాడు. మార్కుల విధానం దాకా చక్కగా చదివిన గొంతు, వారాల పట్టిక దగ్గరికి రాగానే ‘ఇమేజ్’ అని ఆగిపోయింది. పట్టికను టూల్ పీడీఎఫ్‌లో బొమ్మగా పెడుతోంది. పాఠాలు, క్విజ్‌లు, గడువులు అన్నీ ఉన్నది ఆ పట్టికలోనే. పంపేముందు నేనూ చూసుకోవాల్సింది, చూడలేదు. తయారీదారులకు రాస్తే తర్వాతి వెర్షన్‌లో చూస్తామన్నారు. సెమిస్టర్ అయిపోయింది, ఇంకా రాలేదు.

ఐదుకు మూడు ఇస్తున్నాను. ఆ పట్టిక సరిచేస్తే నాలుగున్నర. అప్పటిదాకా ప్లాన్ ఇందులో వేసుకోండి, పీడీఎఫ్ మాత్రం దీనితో తీయకండి. పట్టికను వర్డ్‌లో మళ్లీ టైప్ చేసి, పై వరుసను హెడర్‌గా మార్క్ చేయండి. నాకు నలభై నిమిషాలు పట్టింది. ఆ ఫైలు పంపిన సాయంత్రమే ఆ అబ్బాయి ఏడో వారం ప్రపోజల్ గురించి మెయిల్‌లో మూడు ప్రశ్నలు అడిగాడు.