మాత్రా, నెల ఇంజక్షనా? స్కిజోఫ్రీనియాకు ఏది మేలు?

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు వేసుకునే మాత్ర మానేసిన మర్నాడే జబ్బు తిరగబెడితే ఈ ప్రశ్నే వచ్చేది కాదు. మానేసిన కొత్తలో చాలామందికి హాయిగా ఉంటుంది. మత్తు వదులుతుంది, చేతుల వణుకు తగ్గుతుంది, ‘మందు లేకుండానే బాగున్నాను కదా’ అనిపిస్తుంది. వారాలో నెలలో గడిచాక నిద్ర చెడుతుంది, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారన్న అనుమానం మొదలవుతుంది, ఎవరూ లేకున్నా మాటలు మళ్లీ వినిపిస్తాయి. అప్పటికి మాత్ర మానేసిన సంగతి ఎవరికీ గుర్తుండదు.

మోతాదు త్వరగా మార్చే వీలు మాత్రలకే ఉంది. రిస్పెరిడోన్ రోజుకు 4 మి.గ్రా. వేసుకుంటూ ఒకచోట కూర్చోలేక కాళ్లు కదుపుతూనే ఉంటే డాక్టరు 3కి దించవచ్చు. కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఇంజక్షన్‌తో కండలోకి వెళ్లిన మందును వెనక్కి తీయలేం. హాలోపెరిడాల్ డెకనోయేట్ అనే ఇంజక్షన్ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు మూడు వారాలు పడుతుంది. అందుకే ఇంజక్షన్‌గా ఇవ్వబోయే మందునే ముందు మాత్రగా ఇచ్చి, పడుతుందని తేలాకే ఇంజక్షన్‌కు మారాలి. జబ్బు కొత్తగా బయటపడి, సరైన మందు కోసం ఇంకా వెతుకుతున్న దశలో మాత్రలే మేలు.

మాత్రలు ఒకటికి రెండుసార్లు మధ్యలో ఆగి జబ్బు తిరగబెట్టినవాళ్లకు మాత్రం ఇంజక్షనే మేలని గట్టిగా చెబుతాం. లోపలికి వెళ్లేది అదే మందు, కాకపోతే తప్పితే ఆ రోజే తెలిసిపోతుంది. స్ట్రిప్పులో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం, నాలుక కింద దాచుకున్నారేమోనని చూడడం, రోజూ ‘వేసుకున్నావా?’ అని అడగడం, అన్నీ పోతాయి. ఆ ప్రశ్న లేని ఇంట్లో మనుషులు మళ్లీ వేరే విషయాలు మాట్లాడుకోగలుగుతారు.

అయితే ఇంజక్షన్లన్నీ ఒకటి కావు, పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. పాలిపెరిడోన్ నెల ఇంజక్షన్ సాధారణంగా మొదటి రోజు 150 మి.గ్రా., వారం తర్వాత 100 మి.గ్రా. ఇస్తారు, రెండూ భుజానికే. మాత్రల తోడు అక్కర్లేదు. అరిపిప్రజోల్‌ను ఒక్క ఇంజక్షన్‌తో మొదలుపెడితే 14 రోజులు మాత్రలు కొనసాగించాలి. రెండు వారాలకోసారి వేసే రిస్పెరిడోన్ ఇంజక్షన్‌లోని మందు దాదాపు మూడు వారాల వరకు సరిగా విడుదల కాదు, అప్పటిదాకా మాత్రలు తప్పనిసరి. చాలాచోట్ల ఇంజక్షన్ ఇచ్చిన రోజే మాత్రలు ఆపేస్తారు. మందు లేని ఆ మూడు వారాల్లో రోగి కుప్పకూలితే, తప్పు ఇంజక్షన్ మీదికి పోతుంది. పాలిపెరిడోన్ సిరంజిని కనీసం 10 సెకన్లు గట్టిగా ఊపాలి, లేదంటే పూర్తి మోతాదు అందదు. హాలోపెరిడాల్ డెకనోయేట్ నువ్వుల నూనెలో ఉంటుంది, నువ్వులు పడనివాళ్లు ముందే చెప్పాలి. ఒలాంజపిన్ పామోయేట్ వేయించుకుంటే మూడు గంటలు ఆస్పత్రిలోనే ఉండాలి. మందు ఒక్కసారిగా రక్తంలో కలిసి స్పృహ తప్పే ప్రమాదం అరుదే, కానీ ఉంది.

తేదీ తప్పితే ఫోన్ చేసే మనిషి ఆస్పత్రిలో లేకపోతే ఇంజక్షన్‌కున్న పెద్ద మేలు పోయినట్టే. పాలిపెరిడోన్ చివరి నెల ఇంజక్షన్ వేసి ఆరు వారాలు దాటితే, ఒకటి వేసి ఊరుకుంటే చాలదు, వారం తేడాతో రెండు వేయాలి. డిశ్చార్జి కాగితం మీద మందు పేరు, మోతాదు, చివరి తేదీ, వచ్చే తేదీ, ఏ చేతికి వేశారు అన్నవి రాయించుకోండి. ‘మాట వినకపోతే ఇంజక్షన్ వేస్తాం’ అని వార్డులో బెదిరించడం ఘోరం. అలా భయపడిన మనిషి రేపు తన మేలు కోసమైనా దాన్ని ఎంచుకోడు. ఏం మందు, ఎందుకు, ఎంతకాలం అన్నది ముందు ఆ మనిషికే చెప్పాలి.

మాత్రలు ఆపింది బరువు పెరగడం వల్లో నెలసరి ఆగిపోవడం వల్లో అయితే, అదే మందును సూదిలోకి మార్చి లాభం లేదు. మందే మార్చాలి. రెండు వేర్వేరు మందులు సరైన మోతాదులో కనీసం ఆరేసి వారాలు వాడినా మాటలు వినిపిస్తూనే ఉంటే క్లోజపిన్ అనే మందు గురించి అడగండి. రక్తపరీక్షల బెడదకు జంకి చాలామంది డాక్టర్లు దాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు, రోగికి ఆ ఏళ్లు తిరిగి రావు. క్లోజపిన్ మాత్రగానే రోజూ వేసుకోవాలి. మలబద్ధకం వస్తే తేలిగ్గా తీసుకోకూడదు, ప్రాణం మీదికి రావచ్చు. 48 గంటలకు మించి తప్పితే పాత మోతాదు వేసుకోకుండా డాక్టరుకు చెప్పి మళ్లీ 12.5 మి.గ్రా. నుంచి మొదలుపెట్టాలి.